పాఠం 14: గండి దిగి రావడం

14.1 పరిచయం

మీరు మందిర్ హసౌద్‌లో ఉంటున్నారనుకుందాం. రాయపూర్‌కు తూర్పున, విజయనగరం వెళ్ళే రైలుదారి మీద ఉన్న ఊరు అది. చుట్టూ చదునైన నేల, వరిమళ్ళు, చెరువులు. ఈ రైలుదారి 1931లో పూర్తయింది. మీ తాతగారో ముత్తాతగారో ఈ రైల్వే పనులకే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ఉండవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. అటువంటి అభ్యాసకులను మనసులో పెట్టుకొని ఈ పాఠం తయారు చేశాం. ఇతర ప్రాంతాలవారు తమ ఊరి పేరు పెట్టుకొని చదువుకోవచ్చు.

చదును నేల మీద పెరిగినవారికి కూడా కొండ అంటే ఊహకు అందుతుంది. పైకి ఎక్కాలి, అంతే. కాని మన కాళ్ళ ముందు నేలే నిలువునా చీలి, అడుగున నది పారుతూ ఉంటే ఆ చోటు ఎలా ఉంటుంది? అక్కడికి నలుగురైదుగురు స్నేహితులు కలిసి కాలినడకన వెళ్ళాలంటే ఏమేం తెలిసి ఉండాలి? ఇదీ ఈ పాఠంలోని విషయం. కడప జిల్లాలోని గండికోటను ఉదాహరణగా తీసుకున్నాం. అవసరమైనచోట అమెరికా ఎడారి గండ్ల సంగతి కూడా చెప్పాం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివాక మీరు కొండలకూ నదులకూ సంబంధించిన తెలుగు మాటలను సరైన అర్థంలో వాడగలుగుతారు. ఒక నడకకు ఎంత సమయం, ఎంత నీరు కావాలో లెక్క కట్టగలుగుతారు. చేసిన యాత్రను గురించి పనికివచ్చే విధంగా ఒక ఉత్తరం రాయగలుగుతారు. ఈ మూడింటిలో రెండోది భాషా పాఠంలో ఎందుకని మీకు అనుమానం రావచ్చు. పాఠం చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

14.3 ముందు మాటల సంగతి

పత్రికల్లో ‘కెన్యన్’ అనే మాట చూస్తుంటాం. దానికి మన భాషలో పాత మాటే ఉంది. అది ‘గండి’. కొండల వరుసను నది కోసుకొని బయటపడిన చోటును రాయలసీమలో గండి అంటారు. కడప జిల్లాలో వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చేచోటికి పేరే గండి. అక్కడి ఆంజనేయస్వామి గుడిని గండి క్షేత్రమంటారు. గండి పక్కన కట్టిన కోట గండికోట. కోట వల్ల గండికి పేరు రాలేదు, గండి వల్ల కోటకు పేరు వచ్చింది.

ఈ మాటకు ఇంకో అర్థం కూడా మీకు తెలుసు. చెరువుకట్ట తెగితే ‘గండి పడింది’ అంటాం. రాబడి తగ్గితే ‘ఆదాయానికి గండి పడింది’ అంటాం. ఆలోచిస్తే మొదటి అర్థమూ ఇదే. అడ్డుగా ఉన్నదాన్ని నీరు తెంచుకొని పోవడం. ఒకటి లక్షల ఏళ్ళలో జరుగుతుంది, మరొకటి ఒక్క రాత్రిలో జరుగుతుంది. ఈ రెండో రకం గండి సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మరికొన్ని మాటలు చూడండి. రెండు కొండల మధ్య విశాలంగా ఉండే పల్లపు భూమి లోయ. కొండల నడుమ చెట్టూ నీరూ ఉన్న లోతట్టు చోటు కోన, తలకోన ఇలాంటిదే. కొండల వరుసను దాటడానికి వీలైన దారి కనుమ. చిన్న ప్రవాహం వంక, అంతకంటె పెద్దది వాగు. నిటారుగా ఉండే కొండ పక్క చరియ. బండల్లో వాననీరు నిలిచే గుంట దొన. మెట్ట ప్రాంతాల్లో పశువులు కాసేవారికి ఏ కొండ మీద దొన ఎక్కడుందో, అది ఏ నెల దాకా ఎండకుండా ఉంటుందో నోటికి వచ్చు. నిఘంటువు చూసి నేర్చుకున్నవారికి అది రాదు. అందుకే కొత్త కొండకు వెళ్ళినప్పుడు అక్కడి కాపరిని ‘దొన ఎక్కడుందయ్యా?’ అని అడగడం ఎంతో మేలు. ఆ మాట మీకు తెలిసి ఉండాలి, అంతే.

పాఠగత ప్రశ్నలు

1. లోయకూ గండికీ తేడా ఏమిటి?
2. ‘గండి’ అనే మాటకున్న రెండు అర్థాలను కలిపే భావం ఏది?

14.4 ఎర్రమలలో పెన్న

పెన్నానది కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది ఇది. గండికోటకు ఎగువన చిత్రావతి దీనిలో కలుస్తుంది. ఆ తరువాత ఎర్రమల కొండలు అడ్డం వస్తాయి. నది వాటిని చుట్టుకొని పోలేదు, కోసుకొని పోయింది. గండికోట దగ్గర ఈ కోత సుమారు మూడు వందల అడుగుల లోతు ఉంటుంది. రెండు పక్కలా ఎర్రని బండలు ఎవరో కొలిచి, చెక్కి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. ఎవరూ పేర్చలేదు. ఇది క్వార్ట్‌జైట్ అనే రాయి. ఒకప్పటి ఇసుక పొరలు గట్టిపడి ఇలా మారాయి. ఈ రాతిలో నిలువుగానూ అడ్డంగానూ నెరియలు ఉంటాయి. నీరు ఆ నెరియల్లోకి దిగి దిగి, బండలు దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతాయి. ఈ రాతిపొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా గండికోట క్వార్ట్‌జైటే.

మందిర్ హసౌద్‌వారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. కడప ప్రాంతంలోని ఈ రాళ్ళనూ, రాయపూర్ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు పోయే సున్నపురాయినీ భూగర్భ శాస్త్రజ్ఞులు ఒకే కోవలో చేర్చి ‘పురాణ’ శిలలని పేరు పెట్టారు. రెండూ వంద కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా, కొన్ని అంతకు చాలా ముందుగా ఏర్పడినవి. మీ ఊళ్ళో ఆ పొరలు పడుకొని ఉన్నాయి, గండికోటలో నది వాటిని కోసి చూపించింది. అంటే మీరు చూడబోయేది పూర్తిగా పరాయి నేల కాదు.

కోట పెన్నకు కుడి ఒడ్డున ఉంది. ఒక పక్క గండే కందకం. పెమ్మసాని నాయకులు దీనిని చాలాకాలం ఏలారు. తరువాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అతన్ని కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. ఆయన చూసినప్పుడు కోటలో ఫిరంగులు పోతపోస్తున్నారు. ఈనాడు లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం, వాటి మధ్య ఒక చిన్న పల్లె ఉన్నాయి.

గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కెన్యన్’ అనడం అలవాటైపోయింది. ఈ పోలిక అంత బాగున్నది కాదు. కొలరాడో నది కోసిన ఆ గండి 446 కిలోమీటర్ల పొడవు, మైలుకు పైగా లోతు. మూడు వందల అడుగుల దాన్ని తెచ్చి దాని పక్కన నిలబెడితే మనది చిన్నబోతుంది. దానంతట దాన్ని చూస్తే ఏమీ తక్కువ కాదు.

ఇంకొక మాట. కోట మీద నిలబడి చూస్తే ఇప్పుడు గండిలో చాలాకాలం నీరు నిలిచి ఉంటుంది. అది దిగువనున్న మైలవరం జలాశయపు వెనుకనీరు. కోటకు ఎగువన గండికోట జలాశయం కట్టారు. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులో నీరు నింపడానికి కొండాపురం, ముద్దనూరు మండలాల్లోని ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరువారు ఇళ్ళ ముంగిళ్ళలోకి నీరు వస్తుండగా ఊరు విడిచిపెట్టారు. యాత్రికుడికి అది అందమైన నీలిరంగు. కొందరికి దానికింద సొంత వాకిలి ఉంది. ఆ ప్రాంతంవారితో మాట్లాడేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవడం మర్యాద.

14.5 కొండ వేరు, గండి వేరు

కొండ ఎక్కేవాడికి ముందు కష్టం, తరువాత సుఖం. అలసట వస్తే వెనక్కి తిరుగుతాడు, తిరిగాక దారి దిగుడే. గండిలో ఇది తలకిందులవుతుంది. పొద్దున్నే చల్లగా, కడుపునిండా తిని, సీసాల నిండా నీళ్ళతో దిగుతాం. ఎంత సులువుగా ఉందో అనిపిస్తుంది. ఎండ ముదిరాక, నీళ్ళు సగమయ్యాక, కాళ్ళు వణికేటప్పుడు ఎక్కాలి. అలసట తెలిసేసరికి కష్టమైన సగం అలాగే మిగిలి ఉంటుంది. గ్రాండ్ కెన్యన్‌లో ఏటా రెండు వందల మందికి పైగా నడకదారుల నుంచి కాపాడి పైకి తేవలసి వస్తోంది. వారిలో బలహీనులే ఉంటారనుకోకండి. కండబలం ఉన్నవాడు ఎక్కువ దూరం దిగిపోతాడు, చిక్కంతా అక్కడే.

అక్కడి అటవీ సిబ్బంది చెప్పే లెక్క సులువైనది. దిగడానికి ఎంతసేపు పడితే ఎక్కడానికి దానికి రెట్టింపు పడుతుంది. కాబట్టి మీ దగ్గర మూడు గంటలు ఉంటే ఒక గంట మాత్రమే దిగాలి. గంట కాగానే, ఎక్కడ ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. దీన్ని ‘తిరుగు వేళ’ అందాం.

ఎండ విషయం చూడండి. సాధారణంగా ఎత్తుకు పోయేకొద్దీ చలువ, కిందికి వచ్చేకొద్దీ వేడి. గ్రాండ్ కెన్యన్ అడుగున పైకంటె పది డిగ్రీలదాకా వేడి ఎక్కువ. గండికోట లోతుకు ఈ తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. మరి లోపల అంత ఉక్కగా ఎందుకుంటుంది? బండలు పగలంతా ఎండను తాగి, పక్కనుంచి మన మీదికి సెగ కొడతాయి. గాలి ఆడదు. మే నెల రాయపూర్ ఎండ చూసినవాళ్ళం, మాకేమిటి అనుకోకూడదు. ఊళ్ళో ఎండకు వేపచెట్టు ఉంది, చెరువుంది, చేతిపంపుంది. బండల నడుమ అవేవీ ఉండవు. ఈ నడకకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వేసవిలో కోట చూసి, అంచు మీద నిలబడి చూసి రావడమే మంచిది. వద్దని బోర్డు పెట్టిన చోట, స్థానికులు వద్దన్న చోట ఏ కాలంలోనూ దిగకూడదు.

పాఠగత ప్రశ్నలు

3. మీరు ఉదయం 6 గంటలకు దిగడం మొదలుపెట్టారు. 9 గంటలకల్లా పైకి చేరాలి. మీ తిరుగు వేళ ఎంత?
4. ‘బలమైనవాడికే గండిలో ప్రమాదం ఎక్కువ’ — ఈ మాటను మీరు ఒప్పుకుంటారా? కారణం రాయండి.

14.6 నీళ్ళ లెక్క

ఇప్పుడొక సందర్భాన్ని ఊహిద్దాం. మందిర్ హసౌద్ నుంచి అయిదుగురు బయలుదేరారు. ఇద్దరు ఉక్కు కర్మాగారంలో పనిచేసే యువకులు, ఒక కిరాణా దుకాణం కుర్రవాడు, కుట్టుపని చేసే ఒక అమ్మాయి, ఆమె పెద్దక్క. అక్క ఆస్పత్రిలో ఆయాగా పనిచేస్తుంది. అందరికంటె పెద్దది కాబట్టి అందరికీ అక్కే. విజయనగరం దాకా ఒక రైలు, అక్కడినుంచి మరో రైలు, కడప జిల్లాలో ముద్దనూరులో దిగి రోడ్డు దారిన గండికోట చేరారు. పొద్దున 6 గంటలకు నడక మొదలు. తిరుగు వేళ 7 అని ముందే అనుకున్నారు.

ఎండపూట నడిచే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీరు కావాలి. ముప్పావు లీటరు చొప్పున వేసుకుందాం. అయిదుగురికి మూడు గంటలకు 11 లీటర్ల పావు. వీళ్ళు 15 లీటర్లు తీసుకున్నారు. లీటరు నీరు కిలో బరువు. అంటే మనిషికి మూడు కిలోలు. ఇది తప్పని బరువు. అక్క ఒక్కొక్కరి సంచీ ఎత్తి చూసి మరీ కదిలింది.

ఏడు గంటలైంది. కుట్టుపని అమ్మాయి గడియారం చూసి ‘అక్కా, వేళయింది’ అంది. నీటి అంచు కింద కనిపిస్తూనే ఉంది.

‘ఇంతదూరం వచ్చి నీళ్ళు ముట్టకుండా పోతామా? ఇంకో పది నిమిషాలే కదక్కా’ అన్నాడు దుకాణం కుర్రవాడు.

‘అదిగో, అక్కడే ఉన్నాయి. ఖాళీ సీసాలు అక్కడే నింపుకోవచ్చు కూడా’ అన్నాడు ఇంకొకడు.

అక్క నీళ్ళవైపు చూడలేదు. ‘సీసాలన్నీ ఇలా బండమీద పెట్టండి’ అంది. లెక్క పెడితే 9 లీటర్లున్నాయి. దారిలో రెండు లీటర్ల సీసా ఒకటి జారి పగిలింది. తాగింది నాలుగు లీటర్లు. అంటే అయిదుగురూ కలిసి గంటకు నాలుగు లీటర్లు తాగుతున్నారు.

‘ఇప్పుడు తిరిగితే పైకి రెండు గంటలు. ఎనిమిది లీటర్లు. ఒక లీటరు మిగులుతుంది. సరేనా? ఇంకో పది నిమిషాలు దిగితే ఏమవుతుందో నువ్వే చెప్పు, లెక్కలు చేసేవాడివి కదా’ అంది కుర్రవాడితో.

ఇక్కడ చదవడం ఆపి, కాగితం మీద మీరే ఈ లెక్క చేయండి. చేశాకనే కింది పేరా చదవండి.

పది నిమిషాలు దిగడానికి సుమారు 0.67 లీటరు. అప్పటికి దిగిన సమయం 70 నిమిషాలు. ఎక్కడానికి 140 నిమిషాలు, అంటే 9.33 లీటర్లు. మొత్తం 10 లీటర్లు కావాలి. ఉన్నవి 9. పది నిమిషాల సరదాకు చివరి మెట్ల దగ్గర ఒక లీటరు తక్కువవుతుంది. అప్పుడు ఎండ కూడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి నిజానికి అంతకంటె ఎక్కువే తగ్గుతుంది. పైగా నిలువ నీరు కాచకుండా తాగదగినది కాదు. పాచిపట్టిన బండల మీద నుంచి లోతు తెలియని నీటిలోకి సీసా వంచడం మరో ప్రమాదం. జలాశయాల అంచుల్లో జారి పడి పోయినవారి వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాం.

కుర్రవాడు వేళ్ళమీద లెక్కపెట్టుకొని, ముఖం చిన్నబుచ్చుకొని, సంచీ భుజాన వేసుకున్నాడు. ఎవరూ అతన్ని ఎగతాళి చేయలేదు. ఇది ముఖ్యం. వెనక్కి తిరగమన్నవాడిని పిరికివాడని, ఇంకా దిగుదామన్నవాడిని మూర్ఖుడని అనే బృందంలో మరుసటిసారి ఎవరూ నోరు విప్పరు. కాళ్ళు బొబ్బలెక్కినా, తల తిరుగుతున్నా దాచుకుంటారు.

నీరు ఒక్కటే చాలదు. చెమటలో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే గంటల తరబడి తాగినా ప్రమాదమే. ఒంట్లో ఉప్పు పలచబడి తల నొప్పి, వాంతి, మతి తప్పడం వరకూ పోతుంది. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి సమంగా కొలిచి కలిపితే చాలు. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మనీళ్ళు మంచివే. మీ ఊళ్ళో ఎండాకాలం ‘బోరే బాసి’ తింటారు. మన చద్దన్నం దానికి తోబుట్టువే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున ఉప్పు, ఉల్లిపాయ వేసుకొని తిని పొలానికి వెళ్ళే రైతు ఈ శాస్త్రాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నడకకు బయలుదేరే ముందు అంతకంటె మంచి ఫలహారం లేదు.

ఎండదెబ్బ గుర్తులు తెలుసుకోండి. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఒళ్ళు కాలిపోతుంటుంది. అలాంటివాడిని నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసరాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. అందుకే బృందంలో ఒకరి ఫోనును ఫొటోలకు వాడకుండా కట్టిపెట్టి ఉంచాలి. లోపల సంకేతం అందకపోవచ్చు, అప్పుడు ఇద్దరు రోగి దగ్గర ఉండి ఇద్దరు పైకి వెళ్ళాలి. అయిదుగురు బయలుదేరడంలో ఉన్న సుఖం అది. ఒంటరిగా వెళ్ళినవాడికి ఈ ఏర్పాటు లేదు.

14.7 వాన లేని వరద

గండిలో ఉన్నవాడికి తలమీద కనిపించేది ఒక పట్టెడు ఆకాశం. అది నీలంగా ఉన్నంత మాత్రాన భయం లేదనుకోకూడదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనా ఎడారిలో, యాంటిలోప్ కెన్యన్ అనే ఇరుకు గండిలో పదకొండుమంది యాత్రికులు వరదలో కొట్టుకుపోయారు. వాళ్ళున్న చోట పెద్ద వాన లేదు. మైళ్ళ దూరంలో ఎగువన కురిసింది. ఎడారి నేల నీటిని పీల్చుకోదు. ఉన్న నీరంతా ఒక్క ఇరుకులోకి వచ్చి గోడలా లేచింది.

మన దగ్గరా ఇది కథ కాదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీదనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడి దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఎన్నో ఏళ్ళుగా ఇసుకే కనిపించిన ఏరు అది. ఇసుక కనిపించే నది చచ్చిన నది కాదు.

గండికోటకు వచ్చేసరికి ఇంకో సంగతి కలుస్తుంది. కోట పక్కనున్న గండికి ఎగువన జలాశయం, దిగువన మరో జలాశయం. ఎగువ తలుపులు ఎత్తితే వాన చుక్క లేకుండానే గండిలో నీరు పెరగగలదు. కాబట్టి దిగేముందు ఊళ్ళో రెండు ప్రశ్నలు అడగాలి. ఎగువన వానలున్నాయా? నీళ్ళు వదులుతున్నారా? అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. నది గర్భంలో, నీటి మట్టానికి కొద్ది ఎత్తులో గుడారం వేసుకోవడం ఎంత ముచ్చటగా ఉన్నా పనికిరాదు.

పాఠగత ప్రశ్నలు

5. ఆకాశం నిర్మలంగా ఉన్నా గండిలో వరద రావడానికి రెండు కారణాలు రాయండి.

14.8 చెప్పి వెళ్ళడం

తెలుగువాళ్ళం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ‘పోతాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది. నడకకు వెళ్ళేవాడు దాన్ని కాగితం మీద కూడా పెట్టాలి. ఎక్కడికి, ఏ దారిన, ఎవరెవరు, ఏ వేళకు తిరిగి రావాలి, ఆ వేళకు రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నవి రాసి, బస చేసిన చోట ఒకటి, ఇంట్లో ఒకటి ఇవ్వాలి.

2003 ఏప్రిల్‌లో ఏరన్ రాల్‌స్టన్ అనే అమెరికా యువకుడు యూటా రాష్ట్రపు ఎడారి గండిలోకి ఒంటరిగా, ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. ఒక బండ కదిలి అతని కుడిచేతిని గోడకు అదిమింది. అయిదు రోజులకు పైగా అక్కడే ఉండిపోయాడు. నీళ్ళు అయిపోయాయి. చివరకు తన చేతిని తానే కోసుకొని బయటపడ్డాడు. అతని ధైర్యాన్ని గురించి సినిమా వచ్చింది, లోకమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. కాని ఒక చీటీ రాసి వెళ్ళి ఉంటే మొదటి రోజో రెండో రోజో వెతుక్కుంటూ ఎవరైనా వచ్చేవారు.

14.9 యాత్రను రాయడం

యాత్ర నుంచి వచ్చాక చాలామంది ‘ప్రకృతి శోభ వర్ణనాతీతం’ అని రాస్తారు. వర్ణించలేమని చెప్పడానికి కాగితం ఎందుకు? ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి చూడండి. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగారు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన విషయాలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చయ్యాయి. ప్రతి మజిలీలో నీటి వసతి ఎలా ఉంది, అంగళ్ళు ఉన్నాయా, దారి రాతిదా ఇసుకదా అని ఆయన రాసుకున్నారు. తరువాత వచ్చేవాడికి అవి పనికివస్తాయి. ఆనాటి దేశం ఎలా ఉండేదో ఈనాడు మనకు తెలియడానికీ ఆ వివరాలే ఆధారం.

మీరు రాసేటప్పుడూ చూసినదాన్ని కొలతతో, పేరుతో రాయండి. ‘చాలా దూరం నడిచాం’ అనడానికి బదులు ‘కోట గుమ్మం నుంచి గంటసేపు నడిచాం’ అనండి. ‘అందమైన రాళ్ళు’ అనడానికి బదులు రంగు, ఆకారం చెప్పండి. దారి అడిగినప్పుడు అక్కడివారు వాడిన మాట ఏదైనా కొత్తగా వినిపిస్తే ఉన్నదున్నట్టు రాసుకోండి. రాయలసీమ మాట, మీ ఇంటి ఉత్తరాంధ్ర మాట ఒకటి కాకపోవచ్చు. రెండూ తెలుగే.

అభ్యాసం

అ. కింది మాటలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి: కనుమ, చరియ, దొన, గండి కొట్టు.

ఆ. నలుగురు స్నేహితులు 4 గంటల నడకకు వెళ్తున్నారు. మనిషికి గంటకు ముప్పావు లీటరు నీరు కావాలి. అందులో మూడో వంతును అదనంగా కలిపి, మొత్తం ఎన్ని లీటర్లు తీసుకువెళ్ళాలో, మనిషికి ఎన్ని కిలోల బరువు పడుతుందో చెప్పండి.

ఇ. మీరు దుకాణం కుర్రవాడనుకోండి. ఆ రాత్రి మందిర్ హసౌద్‌లో ఉన్న స్నేహితుడికి, నీటి అంచు దాకా వెళ్ళకుండా ఎందుకు తిరిగి వచ్చారో వివరిస్తూ 20 వాక్యాలకు మించకుండా ఉత్తరం రాయండి. అక్కతో మీకు ఏకీభావం లేకపోతే అదీ రాయవచ్చు, కాని లెక్క చూపించాలి.

ఈ. మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న పెద్దవారిని అడిగి, కొండ, వాగు, రాయి, నీటిగుంటలకు సంబంధించి మీకు తెలియని అయిదు తెలుగు మాటలు సేకరించండి. ఛత్తీస్‌గఢీలో వాటికున్న మాటలు పక్కన రాయండి.

పాఠగత ప్రశ్నలకు, లెక్కకు జవాబులు

1. లోయ రెండు కొండల మధ్య విశాలమైన పల్లం. గండి కొండను నది కోసిన ఇరుకైన, నిటారు గోడల చోటు.
2. అడ్డుగా ఉన్నదాన్ని నీరు తెంచుకొని పోవడం.
3. ఉదయం 7 గంటలు.
4. మీ అభిప్రాయం మీది. బలమున్నవాడు ఎక్కువ దూరం దిగుతాడనే అంశాన్ని మీ జవాబులో పరిశీలించి ఉండాలి.
5. ఎగువన దూరంగా వాన కురవడం. ఎగువ జలాశయం నుంచి నీరు వదలడం.
ఆ. 12 లీటర్లు, అదనంగా 4 లీటర్లు, మొత్తం 16 లీటర్లు. మనిషికి 4 కిలోలు, సీసాల బరువు కాక.